సరిగ్గా మూడడుగులు

మా అక్క మనవరాలు నెల్లూరులోనే ఒక ఆస్పత్రిలో కంప్యూటర్ల దగ్గర పనిచేస్తుంది. సూది పట్టుకోవడం రాదు, నాడి చూడటం రాదు, కానీ ఏ రోగికి ఏమైందో ఈ పిల్ల చెప్పందే డాక్టర్లకు తెలియదట. మొన్న ఆదివారం పూట కూడా ఆ కంప్యూటరు పెట్టె ఒళ్లో పెట్టుకుని తల పట్టుకుంది. ఏమైందే అని అడిగితే, గర్భిణుల జాబితాలో ఒకామె కనబడకుండా పోయిందంది. హిమోగ్లోబిన్ పదికి తక్కువైతే ఒక గుంపు, పదికి ఎక్కువైతే ఇంకో గుంపు అని ఈమె కంప్యూటరుకు షరతు రాసిచ్చింది. ఆ మహాతల్లికి సరిగ్గా పది వచ్చింది. తక్కువా కాదు, ఎక్కువా కాదు. కంప్యూటరు ఆమెను ఎందులోనూ వెయ్యకుండా ఊరుకుంది.

"ఏం లేదు అమ్మమ్మా, పక్కన ఒక సమానం గుర్తు పెట్టడం మరిచిపోయాను. పెడితే సరిపోతుంది," అని టకటకమని ఏదో కొట్టి, నవ్వుకుంటూ కాఫీ కలుపుకోవడానికి లేచిపోయింది.

నాకు నవ్వు రాలేదు. నలభై ఏళ్ల కిందటి కాలవ లాకు మాస్టరు వచ్చి కళ్లముందు నిలబడ్డాడు. ఆయన పోయి ఎన్నాళ్లయిందో, అసలు పోయాడో లేదో కూడా నాకు తెలియదు. ఆయన పేరు తెలుసు, కానీ రాయను. ఆ కాలవ మీద ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు ఎవరూ లేరు, ఇప్పుడు నేను పిలవడమెందుకు?

అరవైల మొదట్లో నేను ప్రభుత్వ నర్సును. మంత్రసాని అంటే ఒళ్లు మండేది, నర్సమ్మ అంటే పొంగిపోయేదాన్ని. ట్రైనింగు అయి ఏడాది తిరక్కముందే సముద్రం ఒడ్డు పల్లెలు కొన్ని నా నెత్తిన పెట్టారు. నేను పుట్టి పెరిగింది నెల్లూరు టౌనులో. సముద్రమంటే ఏడాదికోసారి మునకలు వేసి పుల్లట్లు తిని వచ్చే చోటని తప్ప ఇంకేమీ తెలియదు. ఆ పల్లెలకు రోడ్లు లేవు. ఉన్నదల్లా ఒడ్డు వెంట పోయే కాలవ. మద్రాసుకు కట్టెలూ ఉప్పూ మోసే పడవలు దాని మీద తిరిగేవి. నా మందుల పెట్టె పట్టుకుని నేనూ ఆ కట్టెల మీదే కూచుని తిరిగేదాన్ని.

కాలవ వెళ్లి ఏటిలో కలిసే చోట లాకు ఉండేది. లాకు ఎరగనివాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. రెండు పక్కలా రాతిగోడలు, ముందు ఒక జత తలుపులు, వెనక ఒక జత తలుపులు. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపులు మూసి, తూము ఎత్తి, లోపలి నీళ్లను ఏటి మట్టానికి దించి, అప్పుడు ముందు తలుపులు తీస్తారు. ఏటిలో పోటుకు నీళ్లు పెరుగుతాయి, పాటుకు తరుగుతాయి. బాగా తరిగినప్పుడు ముందు తలుపుల కింద ఉన్న గడపరాయి బరువు పడవల అడుగుకు తగులుతుంది. అందుకని ఏటివైపు గోడకు అడుగులూ అంగుళాలూ వేసిన గేజి పలక బిగించారు. దాన్ని చూసి పడవ పోవచ్చో కూడదో చెప్పేవాడు మాస్టరు.

పొడుగాటి మనిషి. ఖాకీ చొక్కాకు మెడదాకా గుండీలు పెట్టుకునేవాడు, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ముక్క. మనుబోలు దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టాడు. భార్య ఒకసారి కాపురానికి వచ్చి, ఈ ఉప్పునేలలో తోటకూర కూడా మొలవదని తేల్చుకుని, మూడోనాడు పెట్టె సర్దుకుని వెళ్లిపోయిందట. అప్పటినుంచి ఆయన వంట ఆయనే వండుకునేవాడు.

పడవలవాళ్లు ఆయనకు పెట్టిన పేరు 'అయితే సారు'. ఎందుకంటే ఏ మాటా ఉన్నదున్నట్టు చెప్పి ఊరుకోడు. రేపు ఉంటారా మాస్టరు గారూ అని అడిగామనుకోండి.

"జొరం రాకపోతే లాకు మీద ఉంటానమ్మా. వస్తే లోపల మంచం మీద ఉంటా."

ఎట్లా చూసినా ఉంటాడన్నమాట. ఆ మాట చెప్పడానికి ఇంత చుట్టు తిరిగేవాడు.

మంచినీళ్లు ఆయనకు పడవలో రావాలి. వంటింట్లో పెద్ద బాన మీద సున్నంతో రెండు గీతలు గీసుకున్నాడు. నీళ్లు పైగీతకు పైన ఉంటే వచ్చినవాళ్లు తాగొచ్చు, మొహం కూడా కడుక్కోవచ్చు. రెండు గీతల నడుమ ఉంటే తాగడం వరకే. కింది గీతకు దిగితే పిల్లలకూ, కడుపుతో ఉన్నవాళ్లకూ తప్ప ఎవరికీ లేవు. నేను మొదటిసారి ఎండలో దిగి గొంతెండుకుపోయి నీళ్లడిగితే, మనిషి నా మొహం చూడకుండా బాన చూసొచ్చాడు. "నడుమ ఉండాయి. తాగొచ్చు," అని చెంబు ఇచ్చాడు. ఆ చెంబుతో నేను కాళ్లు కడుక్కుంటానేమోనని తాగేదాకా అక్కడే నిలబడ్డాడు.

తాగొచ్చిన పడవవాళ్లకు ఇంకో పరీక్ష ఉండేది. లాకు గోడ మీద గీత గీసి నడవమనేవాడు. పదడుగులు, ఆ పైన తడబడకుండా నడిస్తే పడవ తీసుకుపోవచ్చు. ఐదు, అంతకు తక్కువైతే అక్కడే పడుకోవాలి. ఆరునుంచి తొమ్మిది దాకా అయితే మజ్జిగ తాగి కూచుని మళ్లీ నడవాలి. కట్టెల పడవ నడిపే సరంగు పెంచలయ్య ఒకసారి తొమ్మిది నడిచి పదో అడుగులో కాలవలో పడ్డాడు. తడిసి ముద్దయి పైకొస్తే మాస్టరు మజ్జిగ గ్లాసుతో సిద్ధంగా ఉన్నాడు.

పెంచలయ్య ఆయన్ని తిట్టేవాడు గానీ ఇష్టమే. ఒకరోజు నాతో చెప్పాడు. "ఆయప్ప ముందు ఇట్ట ఉండేవాడు కాదు నర్సమ్మా. పైలాకులో ఉన్నప్పుడు ఎవరో బతిమాలుకుంటే, పోతుందిలే అని అందాజుగా తలుపు తీసినాడు. పడవ గడపకు తగిలి పగిలింది. ఉప్పు మూటల కింద ఒకడు సచ్చిపోయినాడు. ఆ పొద్దునుంచీ సొంత బుర్రను పెట్లో పెట్టి తాళమేసినాడు."

ఆయన లాకు గోడ మీద తారు పూసి తెల్లరంగుతో రాయించిన బోర్డు ఒకటి ఉండేది. పైవాళ్లు పంపిన ఇంగ్లీషు పుస్తకం పడవలవాళ్లకు అర్థం కాదని, తనే తెలుగులో రెండు ముక్కలు చేశాడు. నీళ్లు మూడడుగులకు తక్కువైతే సరుకు పడవలు ఆగవలెను. నీళ్లు మూడడుగులకు ఎక్కువైతే అన్ని పడవలు పోవచ్చును. ఆ బోర్డంటే ఆయనకు కన్నబిడ్డంత. వానొస్తే గోనెపట్టా కప్పేవాడు.

ఇతరులు రాసినవాటిలో సందులు వెతకడం ఆయనకు సరదా. నా మలేరియా మాత్రల అట్ట చూసి పట్టుకున్నాడు. ఐదేళ్ల లోపు సగం మాత్ర, ఐదేళ్లు దాటితే ఒక మాత్ర అని ఉంది దాని మీద.

"మరి ఐదేళ్లు నిండిన రోజునో?"

"ఆ రోజు పుట్టినరోజు గదా, పాయసం పెడతాం," అన్నాను.

ఆయన నవ్వలేదు. పెన్సిలు తీసి అట్ట మీద 'ఐదు నిండితే కూడా' అని రాసిచ్చాడు. ఒళ్లు మండి, బోర్డు చూపించి నేనూ అడిగాను. "మరి మీ నీళ్లు సరిగ్గా మూడైతేనో?"

అప్పుడు మాత్రం నవ్వాడు. "నీళ్లేమన్నా గోడా అమ్మా నిలబడేదానికి? పోటన్నా ఉంటది, పాటన్నా ఉంటది. మూడు మీద నిలబడవు."

నిజమే గదా అనుకున్నాను. పక్కన చేపలు పట్టే పల్లెకారు మనిషి ఒక్కడున్నా మా ఇద్దరి తెలివికీ నవ్వేవాడు. ఆయన మడికట్ల మనిషి, నేను టౌను పిల్లను. ఆ ప్రశ్న అడిగినదాన్ని నేనే, ఆ జవాబుకు తలూపినదాన్నీ నేనే. ఇది ఇప్పటికీ నన్ను తినేస్తూ ఉంటుంది.

నా పల్లెల్లో ఒకదానిలో ఉండే మస్తానమ్మకు అప్పుడు పంతొమ్మిదేళ్లుంటాయేమో. తొలిచూలు. మొగుడు సముద్రం మీద చేపల వేటకు పోయి ఉన్నాడు. తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే పోయి చూశాను. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. నా చేతుల్లో అయ్యే పని కాదు. ఆస్పత్రికి పోవాలంటే లాకు దాటి, ఏటిలో నాలుగు మైళ్లు పోయి, అక్కడ బస్సు ఎక్కాలి. చిన్న పడవలన్నీ వేటకు పోయాయి. రేవులో ఉన్నది పెంచలయ్య కట్టెల పడవ ఒక్కటే. సరుగుడు కట్టెల మీద చాప పరిచి మస్తానమ్మను పడుకోబెట్టాం. వాళ్లమ్మ తలదగ్గర కూచుంది.

లాకు చేరేసరికి ఎండ పొడిచింది. గేజి మూడడుగుల ఒక అంగుళం చూపిస్తోంది. మాస్టరు రండి రండని లోపలికి రానిచ్చి వెనక తలుపులు మూయించాడు. తూము ఎత్తారు. మా పడవ గోడల మధ్య మెల్లిగా కిందికి దిగింది. పాచిపట్టిన రాళ్లు రెండు పక్కలా లేచాయి. పైన ఆకాశం పొడుగ్గా చాపంత మిగిలింది. ముందు తలుపులు తీసే ముందు ఇంకోసారి గేజి చూడటం ఆయన అలవాటు. మెట్లు దిగి చూశాడు. చూసి, పైపంచెతో పలక తుడిచి మళ్లీ చూశాడు. రాతి మీద బోర్లా పడుకుని, కన్ను నీళ్ల మట్టానికి పెట్టి చూశాడు.

"మూడుండాది," అన్నాడు.

"అయితే తియ్యండి సార్, బిన్నే," అని తొందరపెట్టాడు పెంచలయ్య.

"మూడుకు ఎక్కువైతే గదా తీసేది."

నేను లేచి నిలబడ్డాను. "మూడుకు తక్కువైతే ఆపమని గదా ఉంది? తక్కువ కాదుగా!"

"తక్కువ కాదు," అని ఒప్పుకున్నాడు. "ఎక్కువా కాదు. రొంత ఓర్చుకోండమ్మా. నీళ్లు అటో ఇటో కదులుతాయి."

"కదలవు సార్!" పెంచలయ్య గడతో నీళ్లు కొట్టాడు. "ఈ పొద్దు అష్టమి. అష్టమి నీళ్లు పెద్దగా పెరగవు, పెద్దగా తరగవు. నిలబడితే నిలబడే ఉంటాయి. మాకు తెలవదా? మూడుకు నా పడవ పోతాది. అంగుళం మిగులుద్ది గూడా."

మాస్టరు మొహం అప్పుడు చూడాలి. నీళ్లు నిలబడతాయని ఆయనకు ఆ పొద్దే తెలిసింది. "ఆ రోజు గూడా ఇట్టనే చెప్పినారబ్బయా, పోతాదని," అన్నాడు.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, మాకు ముందు తలుపు వెనక తలుపు. వెనక్కి పోయి చేసేదేమీ లేదు. మోసుకుపోదామంటే రెండు పక్కలా మోకాలిలోతు అడుసు. మస్తానమ్మ అరుపులు ఆ గోడలకు తగిలి తిరిగి మా మీదే పడేవి. వాళ్లమ్మ కట్టెల మీద మోకరించి, పైనున్న మనిషికి చేతులెత్తి దండం పెట్టింది. "సామీ, నీ కాళ్లు మొక్కుతా. నాకు ఒకటే బిడ్డ సామీ." ఆయన తలుపులు తిప్పే ఇనుప పిడి పట్టుకునే ఉన్నాడు. పట్టుకుంటాడు, వదులుతాడు, పోయి గేజి చూసొస్తాడు, బోర్డు చూస్తాడు. తను రాసిన రెండు వాక్యాల నడుమ ఇరుక్కుపోయి అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను తిట్టని తిట్టు లేదు. నర్సుకు రాకూడని తిట్లు కూడా నాకు వచ్చని ఆ రోజే తెలిసింది.

ఎంతోసేపటికి మెట్ల కిందినుంచి ఆయన గొంతు వినబడింది. "దిగింది! అరంగుళం దిగింది!"

పైకొచ్చిన ఆయన మొహం తేటపడి ఉంది. నేను కళ్లారా చూశాను. మూడుకు తక్కువ. ఇప్పుడు ఆయనకు చెప్పడానికి ఒక మాట దొరికింది, ఆగమని చెప్పే మాట అయినా సరే. ఆ తేటదనం చూశాక నాకు ఆయనంటే అసహ్యం పుట్టింది. ఏమీ దాచుకోవడం లేదు, అసహ్యమే.

"మూడడుగులకు తక్కువైతే," అని ఆయన బోర్డు పైకే చదివాడు, "సరుకు పడవలు ఆగవలెను." చదివి ఆగాడు. ఇంకోసారి చదివాడు. "సరుకు పడవలు... సరుకు లేకపోతే? ఒరే, సరుకు లేకపోతే ఆపే పనే లేదు గదరా!"

ఖాకీ చొక్కాతో సహా గోడ మీదినుంచి మా పడవలోకి దూకాడు. కట్టెలెత్తి గట్టు మీదికి విసరడం మొదలుపెట్టాడు. లాకు తలుపులు తిప్పే లస్కర్లు ఇద్దరూ దూకారు. పెంచలయ్య మనుషులు దూకారు. మస్తానమ్మ కింద ఉన్న నాలుగు కట్టెలు తప్ప పడవ ఖాళీ అయ్యేసరికి ఆయన అరచేతులు నెత్తురోడుతున్నాయి. పడవ తేలికై లేచింది. తలుపులు తీశారు. అడుగు ఎక్కడా తగలకుండా జారిపోయాం. ఆ ఆలోచనేదో పొద్దున్నే వచ్చి ఉంటే అని నేను పళ్లు నూరుకున్నాను. నాకు కూడా రాలేదన్న సంగతి చాలా ఏళ్లకు గాని తట్టలేదు.

మస్తానమ్మ బతికింది. బిడ్డ బతకలేదు. మగబిడ్డ.

వారం తర్వాత ఆ దారినే తిరిగొచ్చాను. ఆయన బోర్డు దగ్గర బ్రష్షు పట్టుకుని ఉన్నాడు. చేతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. 'నీళ్లు మూడడుగులు గానీ, అంతకు ఎక్కువ గానీ అయితే' అని దిద్దాడు. రంగు ఇంకా ఆరలేదు. ఒక్క మాట చేర్చాడు, అంతే.

"ఏమైందమ్మా?" అన్నాడు.

"బిడ్డ పోయాడు. గంట ముందొచ్చి ఉంటే దక్కేవాడని చెప్పింది డాక్టరమ్మ."

ఆయన బ్రష్షు రంగు డబ్బాలో పెట్టాడు. "గంటంటే సరిగ్గా గంటేనా అమ్మా? రొంత అటూ ఇటూనా?"

అప్పటిదాకా మీరు అన్నదాన్ని. "నువ్వు మనిషివేనా? చచ్చిన బిడ్డకు కూడా గేజి పెడతావా?" అని అరిచాను. లస్కర్లు పరుగెత్తుకొచ్చారు.

ఆయన నా మీద కోప్పడలేదు. లోపలికి పోయి, రోజూ నీటిమట్టం రాసే పుస్తకం తెచ్చి, ఆనాటి పేజీ తీసి చూపించాడు. "నీళ్లు మూడు మీద నిలబడింది గంటా పది నిమిషాలమ్మా. అందుకని అడిగినా." పుస్తకం మూసి మళ్లీ అన్నాడు. "గంటయితే, పది నిమిషాలు ఎక్కువే ఉండాది నా కాడ."

తప్పించుకోవడానికి అడిగాడేమోననుకున్నాను. కాదు. తనకు తప్పించుకునే సందు ఎక్కడన్నా ఉందేమోనని వెతుక్కుని, లేదని చూసుకుని, అది నాకు చూపిస్తున్నాడు. అప్పుడు కూడా నేను ఒక్క మంచి మాట అనలేదు. పడవెక్కి వచ్చేశాను.

ఆ తర్వాత రెండేళ్లు ఆయన్ని చూస్తూనే ఉన్నాను. పావుగంటకొకసారి గేజి చూసి రాసేవాడు. పంచాంగం కొనుక్కున్నాడు. ఏ తిథికి నీళ్లు ఎంతసేపు నిలబడతాయో పల్లెకారు ముసలాళ్లను కూచోబెట్టుకుని అడిగి రాసుకునేవాడు. గేజికి ఆయన కాపలానో, ఆయనకు గేజి కాపలానో తెలిసేది కాదు. బదిలీ కావాలని అర్జీ పెడితే, ఈ ఉప్పుదిబ్బకు ఇంకెవరూ రానన్నారని వెనక్కి పంపారట. మస్తానమ్మ ఉన్న పడవ వస్తే మాత్రం లస్కరును పురమాయించి ఇంట్లోకి పోయి తలుపేసుకునేవాడు. కుండలూ చట్లూ కదులుతున్న చప్పుడు లోపలినుంచి వినబడేది.

మస్తానమ్మ మళ్లీ నీళ్లోసుకుంది. ఈసారి నెల ముందే టౌనుకు చేరుద్దామని నేను రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. మనం అనుకున్నట్టు జరిగితే ఇంకేం? ఎనిమిదో నెలలోనే ఒక మధ్యాహ్నం నెత్తురు పోవడం మొదలైంది. ఆగడం లేదు. ఈసారి పెంచలయ్య పడవ నిండా ఉప్పు మూటలు. దించుతూ కూచుంటే మనిషి దక్కదు. లాకు దగ్గరికి వచ్చేసరికి నేను కప్పిన దుప్పటి కూడా ఎర్రబడింది.

"ఎవరమ్మా లోపల?" పైనుంచి మాస్టరు గొంతు.

"మస్తానమ్మ," అన్నాను.

ఈసారి ఆయన ఇంట్లోకి పోలేదు. లోపలికి రండి అన్నాడు. వెనక తలుపులు పడ్డాయి. తూము ఎత్తారు. మళ్లీ అవే రాళ్లు, అదే పాచి, పైన అదే చాపంత ఆకాశం. గేజికి మెట్లు ఎడమవైపు. ఆయన ఎడమవైపు తిరగలేదు. ఆ వైపు వీపు పెట్టి నేరుగా ముందు తలుపుల దగ్గరికి పోయాడు.

"సార్, గేజి..." అన్నాడు పెంచలయ్య. వాడికే భయమేసింది.

"గడలు పట్టుకోండబ్బయా," అన్నాడు మాస్టరు.

తలుపులు సందు ఇచ్చేసరికి ఏటివైపు గేజి నాకు కనిపించింది. రెండడుగుల పదంగుళాలు. నోరు తెరిస్తే ఆయన ఆగిపోతాడని నాకు తెలుసు. పంటి బిగువున నోరు మూసుకుని కూచున్నాను.

పడవ గడప మీద రాసుకుంటూ పోయిన చప్పుడు ఇప్పటికీ నా వెన్నులో ఉంది. తలుపు కింది చెక్క ఫెళ్లుమని విరిగింది. పడవ అడుగున పగులిచ్చింది. నాలుగు మైళ్లూ నీళ్లు తోడుతూనే ఉన్నారు. ఉప్పంతా కరిగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన లాకు గోడ మీద, మేము కనుమరుగయ్యేదాకా నిలబడే ఉన్నాడు.

మస్తానమ్మ బతికింది. ఆడపిల్ల, అదీ బతికింది. తలుపు విరిగినందుకు విచారణ వచ్చింది.

జీపు రాని చోటు గనక ఆఫీసరు కూడా పడవలోనే వచ్చాడు. చెడ్డవాడు కాదు. గోడ మీద కుర్చీ వేయించుకుని, సాక్ష్యం చెప్పడానికి నన్నూ, పెంచలయ్యనూ పిలిపించాడు. ఆనాటి పేజీలో ఆ పూట నీటిమట్టం రాసే గడి ఖాళీగా ఉంది. ఆఫీసరు దాని మీద వేలు పెట్టి, మెత్తగానే చెప్పాడు.

"చూడవయ్యా, నీ బోర్డు నువ్వే రాశావు. నీళ్లు మూడు గానీ, పైన గానీ ఉంటే నువ్వు చేసింది సబబే. చెక్క పాతదై విరిగిందని రాసేస్తాను. మూడుకు తక్కువైనా, చూడకుండా తీసినా మాత్రం ఉద్యోగం ఉండదు. ఇంకా ఏడాదిన్నర సర్వీసుంది నీకు. బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. ఎంత ఉంది?"

"చూడలేదు సార్," అన్నాడు.

జీవితంలో నేను ఆయనకు చేసిన మేలు ఒక్కటీ లేదు. ఇప్పుడైనా చేద్దామని ముందుకు వచ్చాను. "నేను చూశానండి," అన్నాను. "మూడడుగుల రెండంగుళాలు ఉంది."

పెంచలయ్య వెంటనే అందుకున్నాడు. "అవును సార్, నేనూ చూసినా. రెండంగుళాలు పైనే."

ఆఫీసరు ఊపిరి పీల్చుకుని, కలం మూత తీసి, ఆ ఖాళీ గడి మీద పెట్టాడు. మాస్టరు నా వైపు తిరిగాడు. ఆ రెండేళ్లలో ఆయన నన్ను సూటిగా చూడటం అదే మొదలు. చూసి, తల అడ్డంగా ఊపి, ఆఫీసరుతో అన్నాడు.

"వద్దు సార్. చూడలేదనే రాయండి. చూసుంటే తీసుండను."